39 కిలోమీటర్ల పైనుంచి దూకితే అది అన్వేషణా, యాడా?

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెయిల్. పోయిన నెల ఒక డ్రింక్ కంపెనీ తరఫున ఏజెన్సీ వాళ్ళు రాశారు. "మీరు కొండ మీద నుంచి పారాగ్లైడింగ్ చేస్తూ అన్వేషకుల చరిత్ర చెప్పండి, సిరీస్ పేరు 'ఎక్స్‌ప్లొరేషన్' అని పెడదాం, ఖర్చంతా మాది." వాళ్ళు రాసిన అమౌంట్ చూసి, నిజం చెప్పాలంటే, కాసేపు చాలా హ్యాపీగా ఫీలయ్యాను. సాఫ్ట్‌వేర్ జాబ్ మానేశాక అలాంటి నంబర్ చూసి చాలా రోజులైంది. కానీ ఆ 'ఎక్స్‌ప్లొరేషన్' అనే మాట దగ్గర ఆగిపోయాను. నేను గాల్లో వేలాడుతూ మాట్లాడితే అందులో అన్వేషణ ఎక్కడుంది?

అప్పుడు 2012 గుర్తొచ్చింది. అక్టోబర్ 14, ఆదివారం. నేను ఇంటర్ ఫస్టియర్. మామయ్య వాళ్ళింట్లో డాంగిల్ నెట్ పెట్టుకుని, రాత్రి పదకొండున్నర దాటాక యూట్యూబ్‌లో లైవ్ చూస్తున్నాం. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, రోజ్‌వెల్ అనే ఊరు. అక్కడి నుంచి ఒక పెద్ద హీలియం బెలూన్ ఒక మనిషిని పైకి తీసుకెళ్ళింది. ఆయన ఆస్ట్రియా స్కైడైవర్ ఫీలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్, వయసు 43. క్యాప్సూల్ తలుపు తెరుచుకుంది, కింద నీలం రంగు భూమి, పైన నల్లటి ఆకాశం. ఆయన అడుగు ముందుకేసే టైమ్‌కి మా వీడియో బఫరింగ్. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి మనిషి తెల్లటి చుక్కలా కింద తిరిగిపోతూ కనిపించాడు. మామయ్య అయితే "అయిపోయాడ్రా" అన్నారు.

అయిపోలేదు. 38,969 మీటర్ల ఎత్తు నుంచి దూకి, గంటకి 1,357 కిలోమీటర్ల వేగం అందుకుని, అంటే ధ్వని వేగానికి 1.25 రెట్లు, 4 నిమిషాల పైన ఫ్రీ ఫాల్‌లో ఉండి, కాళ్ళ మీద నిలబడేలా దిగాడు. ఒకే టైమ్‌లో 80 లక్షల మందికి పైగా లైవ్ చూశారు. క్యాప్సూల్ మీద, సూట్ మీద, హెల్మెట్ మీద, అన్నిచోట్లా రెడ్ బుల్ లోగో. ప్రాజెక్ట్ పేరే రెడ్ బుల్ స్ట్రాటోస్. ఆ రాత్రి నాకు అది చంద్రుడి మీద కాలు పెట్టినంత పనిలా అనిపించింది. కాలేజీలో వారం రోజులు అదే టాపిక్.

2025 జూలై 17న అదే మనిషి ఇటలీలో పారాగ్లైడింగ్ ప్రమాదంలో చనిపోయాడని న్యూస్ వచ్చింది. 56 ఏళ్ళు. చాలా మంది పోస్టుల్లో 'మానవ హద్దులు చెరిపిన అన్వేషకుడు' అని రాశారు. ఇంకొందరు 'డ్రింక్ అమ్మడానికి దూకినవాడు' అన్నారు. పోయిన మనిషిని అంత ఈజీగా తేల్చేయడం నాకు నచ్చలేదు, అది వేరే విషయం. కానీ ప్రశ్న మాత్రం సరైనదే. దానికి జవాబు 2012లో దొరకదు. వెనక్కి వెళ్ళాలి.

1950ల్లో అమెరికా ఎయిర్ ఫోర్స్‌కి ఒక తలనొప్పి ఉండేది. జెట్ విమానాలు చాలా పైకి ఎగురుతున్నాయి. పైన ఏదైనా అయితే పైలట్ దూకేయాలి. కానీ అంత ఎత్తులో గాలి చాలా పలచన. మామూలు స్కైడైవర్ చేతులూ కాళ్ళూ కాస్త అటూ ఇటూ చేసి బ్యాలెన్స్ అవుతాడు కదా, అక్కడ పట్టు దొరకడానికి గాలే లేదు. బొమ్మ మనుషుల్ని పైనుంచి పడేసి చూస్తే నిమిషానికి 200 చుట్ల దాకా తిరిగాయి. మనిషి అలా తిరిగితే రక్తం తలకి ఎక్కి ప్రాణం పోతుంది. పోనీ వెంటనే పెద్ద పారాచూట్ తెరిచేస్తే? మెల్లగా దిగుతూ దిగుతూ చలికి, ఆక్సిజన్ అందక పోతాడు. ఎలా చూసినా చావే.

ఫ్రాన్సిస్ బోప్రే అనే టెక్నీషియన్ దీనికి ఒక ఉపాయం చేశాడు. ముందు ఒక చిన్న పారాచూట్ తెరుచుకుంటుంది. దాన్ని డ్రోగ్ అంటారు. అది మనిషిని ఆపదు, తిరగకుండా నిలబెడుతుంది అంతే. కిందికి వచ్చాక పెద్దది తెరుచుకుంటుంది. పేపర్ మీద బాగుంది. మరి ఒక మనిషి దూకి చూడాలి కదా? ఆ మనిషి కెప్టెన్ జో కిట్టింజర్. ప్రాజెక్ట్ పేరు ఎక్సెల్సియర్.

మొదటి దూకుడు 1959 నవంబర్ 16న. దాదాపు 23 కిలోమీటర్ల ఎత్తు. చిన్న పారాచూట్ టైమ్ కంటే ముందే బయటికొచ్చి ఆయన మెడకే చుట్టుకుంది. నిమిషానికి 120 చుట్లు తిరుగుతూ స్పృహ తప్పాడు. కింద ఆటోమేటిక్‌గా తెరుచుకునే ఎమర్జెన్సీ పారాచూట్ లేకపోతే ఆ రోజే కథ ముగిసేది. ఇంక ఎవరైనా ఆగిపోతారు అనుకుంటాం. నెల తిరక్కుండానే, డిసెంబర్ 11న, మళ్ళీ దూకాడు. ఎందుకంటే లోపం ఎక్కడుందో తెలిసింది, సరి చేశారు, సరి అయ్యిందో లేదో చూడాలి. మా భాషలో చెప్పాలంటే బగ్ దొరికింది, ఫిక్స్ చేశారు, టెస్ట్ మళ్ళీ రన్ చేశారు. తేడా ఏంటంటే ఇక్కడ టెస్ట్ చేసే మెషిన్ మనిషి శరీరం.

మూడోది 1960 ఆగస్టు 16న, 1,02,800 అడుగులు, అంటే 31 కిలోమీటర్ల పైన. పైకి వెళ్తుండగా కుడి చేతి గ్లవ్‌లో ప్రెషర్ పనిచేయట్లేదని తెలిసింది. సుమారు 19 కిలోమీటర్లు దాటితే గాలి ఒత్తిడి ఎంత తగ్గిపోతుందంటే, శరీరంలోని తడి మన ఒంటి వేడికే ఆవిరి అవడం మొదలవుతుంది. ఆయన చెయ్యి రెండింతలు వాచిపోయింది. కింద వాళ్ళకి చెప్తే ప్రయోగం ఆపేయమంటారని చాలాసేపు చెప్పలేదు. చెప్పకపోవడం తప్పా ఒప్పా అంటే, తప్పే. మీరు ఆఫీసులో అలా చేస్తే మేనేజర్ ఊరుకోడు. కానీ దూకాడు, 4 నిమిషాల 36 సెకన్లు పడ్డాడు, డ్రోగ్ పనిచేసింది, దిగాడు. ఆ చెయ్యి కూడా కొన్ని గంటల్లో మామూలైంది. తిరగకుండా పడొచ్చు అన్న జవాబు దొరికింది. ఇప్పటి ఫైటర్ విమానాల ఎజెక్షన్ సీట్లలో ముందు చిన్న పారాచూట్, తర్వాత పెద్దది అనే పద్ధతి మామూలు విషయం.

ఇక్కడ మనకి ఒక తొందరపాటు వస్తుంది. "చూశారా, ప్రభుత్వం చేస్తే సైన్స్, కంపెనీ చేస్తే యాడ్" అనేస్తాం. అలా కాదు. కిట్టింజర్ దూకుతున్న ఫోటో అదే నెలలో లైఫ్ మ్యాగజైన్ కవర్ మీద వచ్చింది. అప్పట్లో ఎయిర్ ఫోర్స్‌కి కూడా పబ్లిసిటీ కావాలి, బడ్జెట్ కావాలి.

అసలు స్పాన్సర్ పేరు బెలూన్ మీద పెట్టడం కూడా రెడ్ బుల్ కనిపెట్టింది కాదు. 1931 మే 27న స్విస్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఆగస్ట్ పికార్డ్, అసిస్టెంట్ పాల్ కిప్ఫర్‌తో కలిసి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుంచి ఎగిరాడు. మనుషులు స్ట్రాటోస్ఫియర్‌కి వెళ్ళడం అదే మొదటిసారి, 15,781 మీటర్లు. ఆ బెలూన్ పేరు ఎఫ్ఎన్ఆర్ఎస్. ఏంటా పేరు అంటే, డబ్బులిచ్చిన బెల్జియం సంస్థ పొట్టి పేరు! ఆయన కాస్మిక్ కిరణాల గురించి కొలవడానికి వెళ్ళాడు. ఆ ప్రయాణమంతా ఒక కామెడీ ట్రాజెడీ. అల్యూమినియం గోళానికి చిల్లు పడితే వాజలైన్, నార కలిపి పూడ్చారు. గ్యాస్ వదిలే తాడు చిక్కుకుపోయి సాయంత్రం దాకా కిందికి రాలేకపోయారు. లోపల ఎండకి ఉడికిపోయి, దాహానికి గోడ మీద పట్టిన నీటి తడి నాకారు. చివరికి ఆస్ట్రియాలో ఒక మంచు నది మీద దిగారు. కానీ మూసిన క్యాబిన్‌లో గాలి నింపుకుని మనిషి అంత పైన బతకొచ్చని తేలింది. అదే గోళం ఐడియాని ఆయన తర్వాత తిరగేసి సముద్రంలోకి దించాడు. 1960 జనవరిలో ఆయన కొడుకు జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ కలిసి ట్రియెస్ట్ అనే వాహనంలో ప్రపంచంలోనే అతి లోతైన చోటుకి వెళ్ళారు. స్పాన్సర్ పేరు ఎంత పెద్దగా రాస్తే ఏంటి?

దీనికి ఆపోజిట్ కథ కూడా ఉంది. ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన రాబర్ట్ పియరీ 1906లో దూరంగా ఒక కొత్త భూభాగం చూశానని చెప్పి, దానికి డబ్బులిచ్చిన జార్జ్ క్రోకర్ పేరు పెట్టాడు, క్రోకర్ ల్యాండ్ అని. 1913లో దాన్ని వెతకడానికి ఒక పెద్ద బృందమే బయల్దేరింది. తీరా వెళ్ళి చూస్తే అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. స్పాన్సర్ డబ్బు పెట్టాడు కాబట్టి ఏదో ఒకటి చూపించాలి అన్న ఒత్తిడి ఎంత పాతదో చూడండి.

కాబట్టి నేను స్పాన్సర్ ఉన్నాడా లేడా అని చూడను. రెండు విషయాలు చూస్తాను. పైకి వెళ్ళేముందు జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉందా? తిరిగొచ్చాక ఆ జవాబు, ముఖ్యంగా ఫెయిలైన భాగం, వేరేవాళ్ళకి పనికొచ్చేలా మిగిలిందా? రెండోదే కష్టం. ఎందుకంటే ఫెయిల్యూర్ ఏ స్పాన్సర్‌కీ నచ్చదు.

నిక్ పియాంటనిడా కథ వింటే ఇది అర్థమవుతుంది. న్యూ జెర్సీలో ట్రక్ డ్రైవర్. సైన్యం కాదు, సైంటిస్టు కాదు. స్కైడైవింగ్ పిచ్చి. కిట్టింజర్ రికార్డు కొట్టాలని సొంతంగా తిరిగి తిరిగి స్పాన్సర్లను పోగేశాడు. 1965లో మొదటిసారి బెలూన్ చిరిగి, సెయింట్ పాల్ నగరంలో చెత్త డంప్ మీద దిగాడు. 1966 ఫిబ్రవరి 2న రెండోసారి 1,23,500 అడుగులు ఎక్కాడు. అప్పటికి ఏ బెలూన్ మనిషినీ అంత పైకి తీసుకెళ్ళలేదు. అంత కష్టపడి తలుపు దగ్గరికి వచ్చాక ఆక్సిజన్ గొట్టం ఊడి రాలేదు! దూకలేక, క్యాప్సూల్‌తోనే కిందికి వచ్చాడు. మే 1న మూడోసారి, 57,000 అడుగుల దగ్గర రేడియోలో గాలి బుస్సుమన్న శబ్దం. సూట్‌లో ప్రెషర్ పోయింది. కోమాలోకి వెళ్ళి నాలుగు నెలలకి, ఆగస్టు 29న చనిపోయాడు. ముగ్గురు చిన్న కూతుళ్ళు. అంతకుముందు 1962 నవంబర్ 1న సోవియట్ యూనియన్‌లో ప్యోత్ర్ డోల్గోవ్ కూడా అలాగే పోయాడు, బయటికి వచ్చేటప్పుడు హెల్మెట్ అద్దం క్యాప్సూల్‌కి తగిలి పగిలింది. పియాంటనిడా ధైర్యం కిట్టింజర్ ధైర్యం కంటే తక్కువేం కాదు. ఇంకా ఎక్కువేమో. కానీ ఆయనకున్న ప్రశ్న 'రికార్డు నాదవుతుందా' అన్నది ఒక్కటే. ఇది చెప్పడం నాకూ బాధగానే ఉంది.

ఇప్పుడు 2012కి రండి. స్ట్రాటోస్ టీమ్‌ని చూస్తే ఉత్త యాడ్ అనలేం. రేడియోలో బౌమ్‌గార్ట్‌నర్‌తో మాట్లాడి, ఒక్కో స్టెప్ చదివి చెప్పింది ఎవరో తెలుసా? 84 ఏళ్ళ జో కిట్టింజరే. మెడికల్ టీమ్ హెడ్ డాక్టర్ జోనథన్ క్లార్క్, నాసాలో ఫ్లైట్ సర్జన్‌గా పనిచేసినవాడు. ఆయన భార్య లారెల్ క్లార్క్ 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్‌లో చనిపోయింది. మన కల్పనా చావ్లా పోయిన షటిల్ అదే. చాలా ఎత్తులో వాహనం పాడైతే లోపలి మనిషి బతికి బయటపడే దారేదైనా ఉందా అన్నది ఆ డాక్టర్‌కి ఉత్త ప్రాజెక్ట్ టాపిక్ కాదు. దూకినప్పుడు గుండె వేగం, ఊపిరి, తిరిగిన వేగం అన్నీ రికార్డ్ చేశారు. ఆ కొలతల మీద మెడికల్ జర్నల్‌లో పేపర్ కూడా రాశారు. ఒక మనిషి శరీరం, విమానం లేకుండా, ధ్వని వేగాన్ని దాటితే ఏమవుతుందో అంతకుముందు నిజంగా ఎవరికీ తెలీదు. అంటే నా మొదటి ప్రశ్నకి జవాబు, ఉంది.

కానీ షో కూడా అంతే ఉంది. లైవ్‌ని 20 సెకన్లు ఆలస్యంగా ఇచ్చారు, ఏదైనా ఘోరం జరిగితే కట్ చేయడానికి. నేను బఫరింగ్ అని తిట్టుకున్న వీడియో ఎలాగూ లేట్‌గానే వస్తోందన్నమాట! ఇంకోటి, డ్రోగ్. కిట్టింజర్ ప్రాణం పణంగా పెట్టి పనిచేస్తుందని చూపించిన ఆ చిన్న పారాచూట్‌ని ఇక్కడ ఎమర్జెన్సీకే ఉంచారు. 3.5 జీ బలం ఆగకుండా 6 సెకన్లు ఉంటేనే అది దానంతట అది తెరుచుకుంటుంది. ఎందుకంటే రికార్డు పుస్తకంలో డ్రోగ్‌తో పడటం వేరే లెక్క, లేకుండా పడటం వేరే లెక్క. మామయ్య చేత "అయిపోయాడ్రా" అనిపించిన ఆ తిరుగుడు రిస్క్‌లో కొంత భాగం రికార్డు కోసం తీసుకున్నదే.

ఇది నా ఊహ కాదు అనడానికి రెండేళ్ళ తర్వాత జరిగింది చూడండి. 2014 అక్టోబర్ 24, అదే రోజ్‌వెల్. అలన్ యూస్టేస్, 57 ఏళ్ళు, గూగుల్‌లో సీనియర్ వైస్ ప్రెసిడెంట్, కంప్యూటర్ సైన్స్ మనిషి. క్యాప్సూలే లేదు. సూట్ వేసుకుని నేరుగా బెలూన్ కింద వేలాడుతూ 41 కిలోమీటర్ల పైకి వెళ్ళాడు. డ్రోగ్ వాడాడు, దాదాపు తిరగకుండా పడ్డాడు, అయినా గంటకి 1,322 కిలోమీటర్లు, ధ్వని వేగం దాటేశాడు. గూగుల్ సాయం చేస్తామంటే మార్కెటింగ్ ఈవెంట్ అయిపోతుందని వద్దన్నాడట. ముందుగా అనౌన్స్ చేయలేదు, లైవ్ లేదు. సూట్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మీలో ఎంతమందికి ఈయన పేరు తెలుసు? నాకు కూడా ఉద్యోగంలో చేరాక తెలిసింది, అదీ మా టీమ్ లీడ్ టీ తాగుతూ చెప్తే. అయితే యూస్టేస్‌ని దేవుణ్ణి చేయక్కర్లేదు. సొంతంగా అంత డబ్బు ఖర్చుపెట్టగలవాడికి లోగో వద్దనడం సులువు. పియాంటనిడాకి ఆ ఛాన్స్ లేదు.

ఇంకో చిత్రం. బౌమ్‌గార్ట్‌నర్ దూకిన కొద్ది రోజులకే ఒక ఇంటర్వ్యూలో అంగారకుడి మీదికి వెళ్ళే ప్రాజెక్టులు డబ్బు దండగ అన్నాడు, ఆ డబ్బు భూమిని కాపాడటానికి పెట్టాలన్నాడు. అంతరిక్షం అంచున నిలబడి వచ్చిన మనిషి! తనని తాను ఏమనుకున్నాడో మనకి కొంత అర్థమవుతుంది.

సరే, ఇదంతా అమెరికా గోల, మనకేంటి అంటారేమో. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు వెళ్తుంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ బెలూన్ సెంటర్ ఉంది. నేను ఆ దారిలో రెండేళ్ళు బైక్ మీద తిరిగాను, లోపల ఏముందో తెలీకుండానే. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి ఇస్రో ప్రయోగం కోసం ఒక బెలూన్ ఎగిరింది. మనిషి లేడు. 459 కిలోల పరికరాలు, అందులో సూక్ష్మజీవులేవీ లేకుండా శుభ్రం చేసిన 16 స్టీల్ గొట్టాలు, వాటిని చల్లబరచడానికి ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని ఒడిసిపట్టి పారాచూట్‌తో కిందికి దింపారు. ఆ ఎత్తు గమనించండి, 41. తొమ్మిదేళ్ళ తర్వాత యూస్టేస్ వేలాడింది సుమారు అక్కడే.

గాలిని హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ, పుణెలోని ఎన్‌సీసీఎస్‌లోనూ విడివిడిగా పరీక్షించారు. నాలుగేళ్ళు పట్టింది. 2009 మార్చిలో ఇస్రో ప్రకటించింది: 12 బ్యాక్టీరియా, 6 ఫంగస్ కాలనీలు దొరికాయి, అందులో 3 బ్యాక్టీరియా జాతులు భూమ్మీద ఎక్కడా అంతకుముందు గుర్తించనివి. అల్ట్రావయొలెట్ కిరణాలని మామూలు వాటికంటే ఎక్కువ తట్టుకుంటాయి. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఫ్రెడ్ హోయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరే పెట్టారు, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని. డబ్బులిచ్చినవాళ్ళ పేరు ఇక్కడా వచ్చింది చూశారా! కానీ నాకు నచ్చింది వేరే. ఇవి అంతరిక్షం నుంచే వచ్చాయని ఈ ప్రయోగం తేల్చలేదని ఇస్రోనే ప్రకటనలో చెప్పింది. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి 'ఏలియన్స్ దొరికారు' అని పెట్టుకోగలిగిన చోట, తేలలేదు అని రాశారు.

2022 డిసెంబర్‌లో అదే సెంటర్ నుంచి ఇంకో బెలూన్ లేచింది. అది స్పెయిన్‌కి చెందిన హేలో స్పేస్ కంపెనీది, టూరిస్టులని టిక్కెట్ మీద స్ట్రాటోస్ఫియర్‌కి తీసుకెళ్ళే ప్లాన్‌కి టెస్ట్ ఫ్లైట్. 37 కిలోమీటర్లు వెళ్ళి, క్యాప్సూల్ వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో దిగింది. ఊళ్ళో జనమంతా అదేంటో తెలియక గుమిగూడారు, సెల్ఫీలు దిగారు, టీవీల్లో 'వింత వస్తువు' అని వచ్చింది. పికార్డ్ గోడ నాకిన చోటు కంటే రెండింతల ఎత్తు, ఇప్పుడు టిక్కెట్ బేరం. అలా అవడంలో తప్పులేదు, విమానం కూడా అలాగే కదా మనదాకా వచ్చింది. కాకపోతే రేపు ఆ క్యాప్సూల్‌లో ఎక్కి దిగినవాళ్ళు 'నేను ఎక్స్‌ప్లోరర్' అని బయోలో రాసుకుంటే నేను నవ్వుతాను.

బౌమ్‌గార్ట్‌నర్ విషయంలో మాత్రం నవ్వలేను. నా లెక్కలో ఆ పని సగం అన్వేషణ. ఆ సగం డాక్టర్ క్లార్క్ టీమ్ కొలతల్లో ఉంది, సూట్‌లో ఉంది. మిగతా సగం మనం చూసిన వీడియో. మనకి గుర్తుండిపోయింది మాత్రం ఆ రెండో సగమే.

ఆ మెయిల్ సంగతి అడుగుతారు కదా. నిన్న రిప్లై పెట్టాను. సిరీస్ చేస్తాను, కానీ పేరులో 'ఎక్స్‌ప్లొరేషన్' తీసేయండి, లేదంటే పారాగ్లైడింగ్ బదులు ఆ డబ్బుతో ఒక చిన్న వెదర్ బెలూన్, సెన్సర్లు, దానికి కావలసిన పర్మిషన్లు ఇప్పించండి, పేలిపోతే పేలిపోయిన ఎపిసోడే వేస్తాం అని రాశాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే చెప్తాను. వచ్చే వారం పికార్డ్ గోళం సముద్రం అడుగుకి ఎలా వెళ్ళిందో మాట్లాడుకుందాం. ఉంటాను.